పొరుగు రాష్ట్రాన్ని రోడ్డు మీద కలుసుకుందాం

తెలుగు రాష్ట్రాలు రెండింటి చుట్టూ ఐదు రాష్ట్రాలున్నాయి: మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, కర్ణాటక, తమిళనాడు. వీటి పేరెత్తగానే మనలో చాలామందికి ముందుగా గుర్తొచ్చేవి తగాదాలే. మహారాష్ట్ర అంటే బాబ్లీ, కర్ణాటక అంటే ఆల్మట్టి, ఒడిశా అంటే వంశధార, కోటియా గ్రామాలు, ఛత్తీస్‌గఢ్ అంటే ఎన్‌కౌంటర్ వార్తలు. సినిమాల వల్ల, చెన్నైతో ఉన్న పాత అనుబంధం వల్ల తమిళనాడు ఒక్కటే కాస్త దగ్గరగా అనిపిస్తుంది. నీళ్ల పంచాయితీలు నిజమైనవే. వాటిని ట్రిబ్యునళ్లూ న్యాయస్థానాలూ తేల్చాల్సిందే. కానీ ఎగువన ఆనకట్ట ఉన్న ఊళ్లో ఎవరుంటారు, ఏం పండిస్తారు, మన గురించి ఏమనుకుంటారు అన్నది తెలుసుకోకుండానే ఒక తరం తర్వాత మరో తరం వాళ్లను ప్రతివాదులుగా చూస్తూ వస్తోంది. పక్కింటివాళ్లను కోర్టు కాగితాల్లో మాత్రమే చదివిన మనిషికి వాళ్లతో కలిసి ఎలా బతకాలో తెలియదు. మన పరిస్థితి అలాగే ఉంది.

మరోవైపు, మన యువత ప్రయాణాలు మానలేదు. చేతికి బండి రాగానే లద్దాఖ్ వెళ్లాలనుకుంటారు, గోవా వెళ్తారు, కన్యాకుమారి నుంచి కశ్మీర్ దాకా ఎన్ని రోజుల్లో వెళ్లగలమో లెక్కలేసుకుంటారు. ఆ కోరికల్లో తప్పేమీ లేదు. అయితే ఆ దారుల్లో మధ్యలో వచ్చే రాష్ట్రాలు దాటిపోవాల్సిన దూరంగానే మిగిలిపోతున్నాయి. అందుకే ఒక విషయం గట్టిగా చెప్పాలి. సెలవు దొరికిన ప్రతి తెలుగు యువకుడూ యువతీ ఒక్కసారైనా ఒక్క స్నేహితుణ్నో స్నేహితురాలినో తోడు తీసుకుని, తమకు తెలియని పొరుగు రాష్ట్రాల గుండా రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లాలి. దీన్ని షికారు లెక్కలో కాక చదువు లెక్కలో వేయాలి. రోడ్డు, పొరుగు, నెమ్మది, ఒక్క తోడు అనే ఈ నాలుగూ షరతులే. వీటిలో ఏది తీసేసినా ప్రయాణం మిగులుతుంది గానీ ప్రయోజనం పోతుంది.

రోడ్డే ఎందుకు? విమానం ఎక్కినా, రాత్రి రైలెక్కి తెల్లారి దిగినా మనకు కనిపించేవి బయల్దేరిన ఊరు, చేరిన ఊరు మాత్రమే. మధ్యలో ఉన్నదంతా నిద్రలో పోతుంది. అందువల్ల ఒక రాష్ట్రం ఒక గీత దగ్గర ఆగిపోయి, దాని అవతల పూర్తిగా వేరే లోకం మొదలవుతుందన్న భ్రమ మనలో బలపడుతుంది. ఆ భ్రమ వదలడానికి హైదరాబాద్ నుంచి సోలాపూర్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి చాలు. దూరం సుమారు 300 కిలోమీటర్లు. జహీరాబాద్ దాటాక కర్ణాటకలోని బీదర్ జిల్లా వస్తుంది. హుమ్నాబాద్ మీదుగా సాగి, మహారాష్ట్రలోని ఉమర్గా, నల్‌దుర్గ్ దాటితే సోలాపూర్. ఒకే దారిలో మూడు రాష్ట్రాలు. బోర్డుల మీద లిపి మారుతుంది, నేల మారదు. జొన్న, కంది అటూ ఇటూ పండుతాయి. జొన్నరొట్టె మూడు చోట్లా తింటారు. పక్కన వేసే కూర, పచ్చడి మాత్రం కొంచెం కొంచెంగా మారుతూ, సోలాపూర్ చేరేసరికి పల్లీల కారప్పొడి కంచంలోకి వస్తుంది. మార్పు ఇలా మెల్లగా, ఊరి తర్వాత ఊరుగా వస్తుందని రోడ్డు మీద వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. ఆ గీతలు కూడా మనం అనుకున్నంత పాతవి కావు. 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్, బీదర్, ఉమర్గా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. జహీరాబాద్ తాలూకా అప్పటికి బీదర్ జిల్లాలోనిదే. మన తాతల కాలంలో ఒకే రాష్ట్రంగా ఉన్న నేల ఇప్పుడు మనకు అపరిచితమైపోయింది.

ఆ దారికి కాస్త పక్కనే బసవకల్యాణ్ ఉంది. కల్యాణి చాళుక్యుల రాజధాని అది. 12వ శతాబ్దంలో బసవేశ్వరుడు అక్కడే బిజ్జల రాజు కొలువులో ఉంటూ, కులాల మధ్య గోడలు కూల్చాలన్న ఉద్యమం నడిపాడు. ఆయన కథను తెలుగులో బసవపురాణంగా రాసినవాడు మన పాల్కురికి సోమనాథుడు. ఆ ఉద్యమంలోనే మరో పెద్ద పేరు సొన్నలిగె సిద్ధరాముడు. ఆ సొన్నలిగే నేటి సోలాపూర్. ఊరి నడుమ చెరువులో ఉన్న సిద్ధేశ్వరాలయం ఆయన పేరుతోనే వెలిసింది. పాఠ్యపుస్తకంలో సోమనాథుడు తెలుగు సాహిత్యంలో, బసవేశ్వరుడు కన్నడ చరిత్రలో, సిద్ధరాముడు మరాఠీ ఊరి దేవుడిగా వేర్వేరు అధ్యాయాల్లో ఉంటారు. రోడ్డు మీద వాళ్లు ఒకే రోజు ప్రయాణంలో కలుస్తారు. సోలాపూర్‌లో ఇంకో సంగతి కూడా ఎదురవుతుంది. అక్కడి మగ్గాల వెనుక తెలంగాణ నుంచి తరాల కిందట వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాల శ్రమ ఉంది. మన ఇళ్లలో కప్పుకునే సోలాపూర్ దుప్పటికి మన నేలతో చుట్టరికం ఉంది. ఇప్పటికీ ఆ వాడల్లో తెలుగు వినిపిస్తుంది. మన చరిత్రలో ఒక పెద్ద భాగం మన సరిహద్దుకు అవతల ఉందని తెలిస్తే, అవతలివాళ్ల మీద మన చూపు మారక తప్పదు.

ఇంకో దారి చూద్దాం. భద్రాచలం దాటి కోంటా, సుక్మా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఉన్న జగ్దల్‌పూర్ వెళ్తుంది. బస్తర్ అనగానే మనకు తుపాకుల వార్తలు గుర్తొస్తాయి. కానీ బస్తర్ రాజవంశం తమ మూలపురుషుడిగా చెప్పుకునే అన్నమదేవుడు ఓరుగల్లు ప్రతాపరుద్రుడి తమ్ముడు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఆయన ఇంద్రావతి తీరానికి వెళ్లి రాజ్యం నిలబెట్టాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. కాకతీయుల కథను మనం ఓరుగల్లు పతనంతో ముగిస్తాం. అక్కడివాళ్లు సరిగ్గా అక్కడే మొదలుపెడతారు. బస్తర్ దసరా 75 రోజుల పండుగ. అందులో రావణ దహనం ఉండదు, దంతేశ్వరి అమ్మవారి కొలువు ఉంటుంది. ఏటా కొత్తగా చెక్కరథం కడతారు, ఒక్కో పని ఒక్కో ఊరివాళ్లది. ఇంద్రావతి చిత్రకోట్ దగ్గర సుమారు 90 అడుగుల ఎత్తు నుంచి దూకి, ఆ తర్వాత మన గోదావరిలోకే వస్తుంది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం విశాఖ రేవుకు చేరుస్తుంది. ఆ గనులు నడిపే ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. బస్తర్ సంపద మన రేవుకు వస్తుంది, దాని లెక్కలు మన నగరంలో రాస్తారు, అక్కడి మనుషులు మాత్రం మనకు తెలియదు. ఈ అసమానతను గుర్తించడానికైనా ఒకసారి ఆ దారి పట్టాలి.

జగ్దల్‌పూర్ నుంచి తూర్పుకు తిరిగితే ఒడిశాలోని కోరాపుట్. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. అక్కడి ఆదివాసీ రైతులు తరతరాలుగా కాపాడుకొస్తున్న వరి రకాలకూ, సాగు పద్ధతులకూ 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాధాన్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తింపునిచ్చింది. మల్కన్‌గిరి వైపు వెళ్తే, దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద వెలసిన బెంగాలీ పల్లెలు కనిపిస్తాయి. ఒకే జిల్లాలో ఆదివాసీ భాషలు, ఒడియా, తెలుగు, బెంగాలీ పక్కపక్కనే బతుకుతున్నాయి. కోరాపుట్ కొండల్లో పుట్టిన కొలాబ్ నది దిగువకు వచ్చేసరికి శబరి అవుతుంది, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడే మన వాదనకు అసలైన పరీక్ష ఎదురవుతుంది. పోలవరం వెనుక జలాలు శబరి వెంట పైకి తన్ని తమ భూముల్ని ముంచుతాయన్న ఆందోళనతో ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రెండూ సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఆల్మట్టి, బాబ్లీ దగ్గర మనం బాధితులం. కోంటా, మల్కన్‌గిరి వాళ్ల దృష్టిలో మనమే భయపెట్టే పొరుగువాళ్లం. న్యాయం ఎవరిదన్నది కోర్టు తేలుస్తుంది. కానీ మన ముఖం అవతలివాళ్లకు ఎలా కనిపిస్తుందో పటంలో తెలియదు. అక్కడి టీ బంకు దగ్గర అరగంట కూర్చుంటే తెలుస్తుంది.

ఇక నెమ్మది సంగతి. తెలుగులో తొలి యాత్రా రచనగా పేరొందిన కాశీయాత్ర చరిత్రను ఇక్కడ తలచుకోవాలి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్ మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీ, గంజాం, విశాఖ దారిన వెనక్కి వచ్చాడు. పల్లకీలు, బోయీలు, పెద్ద పరివారం వెంట ఉన్న సంపన్నుడి ప్రయాణం అది. మనకు ఆదర్శం ఆ పరివారం కాదు, ఆ కన్ను. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, దారి ఎలా ఉంది, ఏ సరుకు ఏ ధరకు దొరుకుతుంది, జనం ఎలా బతుకుతున్నారు అన్నవి మజిలీ మజిలీకీ రాసుకున్నాడు. ఆ రాసినదంతా కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై అనే స్నేహితుడి కోసం పంపిన లేఖలు. ఆ స్నేహితుడే 1838లో వాటిని అచ్చు వేయించాడు. అంటే తెలుగులో యాత్రా సాహిత్యం పుట్టిందే ఒక స్నేహితుడికి చెప్పాలన్న తపనతో. ఎవరికో ఒకరికి చెప్పాలి అనుకున్నవాడే జాగ్రత్తగా చూస్తాడు. ఆ రోజుల్లో నెమ్మది తప్పనిసరి, ఈ రోజుల్లో దాన్ని మనమే ఎంచుకోవాలి.

నెమ్మదిని ఎంచుకోవాలనడానికి సామాజిక శాస్త్రం నుంచి కూడా ఆధారం ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో, వేర్వేరు సమూహాల మనుషులు ఒకరినొకరు కలుసుకుంటే ద్వేషాలు తగ్గుతాయని చెప్పాడు. అయితే ఊరికే ఎదురుపడటం చాలదనీ, పైపై పరిచయం ఒక్కోసారి ఉన్న అపోహల్ని మరింత గట్టిపరుస్తుందనీ కూడా ఆయనే హెచ్చరించాడు. సమాన హోదాతో, ఏదో ఒక పనిలో కలిసి మెలగినప్పుడే మార్పు వస్తుందన్నది ఆయన వాదన. తర్వాత 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదొందలకు పైగా అధ్యయనాలను కలిపి పరిశీలించి, ఇలాంటి కలయిక వల్ల మొత్తం మీద అపోహలు తగ్గుతున్నాయని తేల్చారు. ఇది మన రోడ్లకూ వర్తిస్తుంది. రోజుకు 800 కిలోమీటర్లు తొక్కుకుంటూ పోయేవాడు టోల్‌గేటు సిబ్బందినీ పెట్రోలు బంకు కుర్రాణ్నీ మాత్రమే కలుస్తాడు. అతనికి కలిగేది ఆల్‌పోర్ట్ హెచ్చరించిన పైపై పరిచయమే. గుంతల రోడ్డు చూసి ఆ రాష్ట్రమే ఇంత అనుకుంటాడు. ఒక వెయిటర్ విసుక్కుంటే ఆ జనమే అంత అనుకుంటాడు. అదే రోజుకు 200 కిలోమీటర్లకు మించకుండా వెళ్తూ, సంత రోజు చూసుకుని ఒక ఊళ్లో ఆగి, అక్కడి హోటల్లోనే తిని, సాయంత్రం చావడి దగ్గర కూర్చునేవాడికి కనీసం ఇద్దరు ముగ్గురి పేర్లు తెలుస్తాయి. పేరు తెలిసిన మనిషిని వార్తల్లో వచ్చే గుంపుగా చూడటం కష్టం.

మరి ఒక్క తోడే ఎందుకు? ఒంటరి ప్రయాణానికి గొప్ప స్వేచ్ఛ ఉంది. కానీ తెలియని చోట బండి ఆగిపోయినా, జ్వరం వచ్చినా ఆదుకునేవాళ్లు ఉండరు. అంతకన్నా ముఖ్యంగా, చూసినదాన్ని పొరపాటుగా అర్థం చేసుకుంటే సరిదిద్దేవాళ్లు ఉండరు. పదిమంది గుంపుగా వెళ్తే భద్రత ఉంటుంది గానీ, ఆ గుంపే ఒక ఊరైపోతుంది. మాటలు వాళ్లలో వాళ్లకే, పాటలు వాళ్లవే, తిండి కూడా ఇంటి నుంచి తెచ్చుకున్నదే. అలాంటి గుంపును చూసి స్థానికులు కూడా దూరంగానే ఉంటారు. ఇద్దరైతే సంగతి వేరు. ఇద్దరి మధ్య మాటలు మధ్యాహ్నానికల్లా అయిపోతాయి, మూడో మనిషి అవసరం పడుతుంది. ఆ మూడో మనిషే టీ కొట్టు యజమాని, పంక్చరు వేసే కుర్రాడు, బస్టాపులో నిలబడ్డ టీచరు. ఇద్దరుంటే చూసినదాని మీద రెండు అభిప్రాయాలుంటాయి. ‘ఇక్కడివాళ్లు ఇంతే’ అని ఒకరంటే, ‘పొద్దున మనకు దారి చూపించినాయన కూడా ఇక్కడివాడే కదరా’ అని ఇంకొకరు గుర్తుచేస్తారు. ఆ చిన్న దిద్దుబాటులోనే చదువు ఉంది.

ఆ స్నేహితుడు ఎవరన్నది కూడా ఆలోచించి ఎంచుకోవాలి. మన కులం, మన ఊరు, మన ఆలోచన ఉన్నవాడితోనే వెళ్తే సౌకర్యంగా ఉంటుంది గానీ, చూపు ఒకటే అవుతుంది. తెలంగాణ నుంచి ఒకరు, కోస్తా నుంచో సీమ నుంచో ఇంకొకరు కలిసి మూడో రాష్ట్రానికి వెళ్తే మరీ మంచిది. పరాయి నేల మీద ఇద్దరూ తెలుగువాళ్లే అవుతారు. 2014 విభజన మిగిల్చిన మాటల గాయాలు మానడానికి అదొక దారి. అయితే స్నేహం ఒక్కటే అన్నీ చూసుకుంటుందని అనుకోకూడదు. పదిరోజులు పక్కపక్కన కూర్చుంటే డబ్బు దగ్గర, తిండి దగ్గర, నిద్ర దగ్గర తేడాలు బయటపడతాయి. ఖర్చు ఎలా పంచుకోవాలి, మాంసం తినేవారూ తిననివారూ ఎక్కడ భోంచేయాలి, గుడికో మసీదుకో చర్చికో ఒకరు వెళ్తే రెండోవారు ఏం చేయాలి అన్నవి బయల్దేరక ముందే మాట్లాడుకోవాలి. అన్నిటికన్నా గట్టి ఒప్పందం ఒకటుండాలి. బండి నడిపేవాణ్ని ఆపమని రెండోవాడు అంటే మారుమాటాడకుండా ఆపాలి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. మన రోడ్లు ప్రాణాంతకమైనవి, పిల్లల్ని వాటి మీదికి పంపమంటారా అని పెద్దవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో సుమారు 2 శాతమే ఉన్న జాతీయ రహదారుల మీద ఆ మరణాల్లో మూడో వంతుకు పైగా జరిగాయి. మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలో ఉన్నాయి. ఈ అంకెల్ని తేలిగ్గా తీసుకోమని ఎవరూ అనలేరు. కానీ అవి ఏం చెబుతున్నాయో చూడాలి. వేగం చంపుతోందని చెబుతున్నాయి. తక్కువ దూరం, పగటి ప్రయాణం, మధ్యమధ్యలో విరామం అన్నవి ఈ వ్యాసం కోరుతున్న ప్రయాణానికి ప్రాణం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం వృత్తి డ్రైవరుకే రోజుకు 8 గంటల పని పరిమితి పెట్టింది. అలవాటు లేని రోడ్డు మీద సరదాకు నడిపేవాళ్లు అందులో సగంతో ఆపాలి. సీటు బెల్టు, హెల్మెట్, రాత్రి నడపకపోవడం, చుక్క మందు ముట్టకపోవడం అన్నవి బేరం లేని నియమాలు. జాతీయ రహదారి సహాయానికి 1033, అత్యవసరానికి 112 నంబర్లు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. ఇద్దరు మార్చుకుంటూ నడపగలగడం, ఒకరి అలసటను ఇంకొకరు గమనించగలగడం కూడా తోడు ఉండాలనడానికి మరో కారణం.

రెండో అభ్యంతరం ఆడపిల్లల గురించి. కొడుకును పంపడానికి సందేహిస్తూనే ఒప్పుకునే ఇళ్లు కూతురి విషయంలో తలుపు మూసేస్తాయి. ఆ భయం ఎక్కడి నుంచి వస్తుందో తెలియనిది కాదు, దానికి ఆధారాలు రోజూ పత్రికల్లో వస్తున్నాయి. అయినా భయానికి జవాబు నిషేధం కాకూడదు. దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చింది, మగపిల్లలకు మాత్రమే ఇవ్వలేదు. ఇద్దరు స్నేహితురాళ్లు పగటిపూట మాత్రమే ప్రయాణిస్తూ, రాత్రి బస ముందే ఖాయం చేసుకుని, ప్రభుత్వ పర్యాటక శాఖల హోటళ్లను ఎంచుకుని, ఎక్కడున్నదీ ఇంటికి చెబుతూ వెళ్లవచ్చు. ప్రయాణం మానేస్తే రోడ్డు సురక్షితం కాదు. ఆడవాళ్లు కనిపించే రోడ్డే ఆడవాళ్లకు సురక్షితమవుతుంది. అయితే ఆ భారమంతా పిల్లల మీద వేయడం అన్యాయం. రహదారి పక్కన శుభ్రమైన మరుగుదొడ్డి, వెలుతురున్న విశ్రాంతి స్థలం లేకపోవడం వల్ల ఆగిపోయిన ప్రయాణాలు మనకు లెక్కల్లో కనిపించవు. ఆ వసతి కల్పించడం ప్రభుత్వాల పని.

బస్తర్ లాంటి చోట్లకు వెళ్లమనడం బాధ్యతారాహిత్యం కాదా అని కూడా అడగవచ్చు. 2013 మే నెలలో జగ్దల్‌పూర్‌కు దగ్గర్లోని ఝీరం లోయలో మావోయిస్టులు చేసిన దాడిని ఎవరూ మరచిపోలేదు. ఇటీవలి ఏళ్లలో హింస బాగా తగ్గింది, రోడ్లు మెరుగయ్యాయి. అయినా స్థానిక పోలీసుల సలహా తీసుకుని, ప్రధాన రహదారి వదలకుండా, పగలే వెళ్లాలి, వద్దన్న చోటికి వెళ్లకూడదు. దీనికన్నా లోతైన అభ్యంతరం వేరే ఉంది. ఆదివాసీ సంతకు వెళ్లి మనుషుల్ని వింతగా చూసి, అనుమతి లేకుండా ఫొటోలు తీసి, పేదరికాన్ని సామాజిక మాధ్యమాల్లో ప్రదర్శించే యాత్ర అక్కడివాళ్లకు అవమానం. ఆ పని చేసేవాళ్లు వెళ్లకపోవడమే మంచిది. సమాన హోదా లేని కలయిక ద్వేషాన్ని తగ్గించదన్నది గుర్తుంచుకోవాలి. సంతకు కొనుక్కోవడానికి వెళ్లాలి, చెప్పిన ధర ఇవ్వాలి, అడిగాకే కెమెరా తీయాలి. అక్కడివాళ్లు మన గురించి అడిగే ప్రశ్నలకు మనమూ జవాబు చెప్పాలి. భాష రాకపోవడం పెద్ద అడ్డంకి కాదు. దండకారణ్యం అంచుల్లో తెలుగు తెలిసినవాళ్లు తగులుతూనే ఉంటారు, మిగతా చోట్ల వచ్చీ రాని హిందీ దారి నడిపిస్తుంది. రెండు మాటలు నేర్చుకుని వెళ్లడం మాత్రం మర్యాద.

ఇదంతా కారున్నవాళ్ల కబురు అనే విమర్శనూ దాటవేయకూడదు. రోజుకూలి మీద బతికేవాడికి పదిరోజుల సెలవు అంటే పదిరోజుల పస్తు. అది నిజం. అసలు తెలియని రాష్ట్రాల్ని రోడ్డు మీద అందరికన్నా బాగా తెలిసినవాళ్లు మన లారీ డ్రైవర్లూ, వలస కూలీలే. వాళ్లకు ఈ వ్యాసం నేర్పేదేమీ లేదు. ఇది సెలవూ కాస్త డబ్బూ ఉండి కూడా రెండు ఊళ్ల మధ్య విమానంలోనే తిరిగేవాళ్లకు చెబుతున్న మాట. అలాగని కారు తప్పనిసరి కాదు. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలూ పొరుగు రాష్ట్రాలకు బస్సులు నడుపుతున్నాయి. ఒక ఊళ్లో దిగి, ఒక రోజుండి, తర్వాతి బస్సెక్కితే ఖర్చూ తక్కువ, పొగా తక్కువ, పక్క సీటులో స్థానికుడూ ఉంటాడు. ఇంధనం తగలేయడం పర్యావరణానికి చేటు అనేవాళ్లకూ ఇదే జవాబు. సొంత బండి మీద వెళ్లినా, వేల కిలోమీటర్ల రికార్డు యాత్రకు బదులు పక్క రాష్ట్రం చుట్టిరావడం వల్ల కాలే పెట్రోలు ఎన్నో రెట్లు తక్కువ. సొంత బండికి చట్టపరమైన చిక్కులూ లేవు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలల వరకు తిరిగి రిజిస్టర్ చేయించనక్కర్లేదని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది.

ప్రభుత్వాలు ఈ దిశగా ఏమీ చేయలేదని అనలేం. ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్ పథకంలో తెలంగాణకు హర్యానాను, ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్‌ను జోడీగా పెట్టారు. దూరపు రాష్ట్రంతో స్నేహం మంచిదే. కానీ హర్యానాతో తెలంగాణకు నది పంచుకోవాల్సిన పని లేదు, పంజాబ్‌తో ఆంధ్రకు సరిహద్దు గ్రామాల పేచీ లేదు. తగాదా ఉన్నచోటే పరిచయం ఎక్కువ అవసరం. అందుకే మన రెండు ప్రభుత్వాలూ పొరుగు రాష్ట్రాలతో విడిగా మాట్లాడుకుని, డిగ్రీ విద్యార్థులకు ఇద్దరిద్దరుగా వెళ్లొచ్చే పొరుగు యాత్రను ఏర్పాటు చేయాలి. అవతలి కాలేజీ హాస్టల్లో బస, ఆర్టీసీ పాసు, తిరిగొచ్చాక రాసే నివేదికకు మార్కులు ఇస్తే చాలు, పెద్ద నిధులు కూడా అక్కర్లేదు. గంజాం విద్యార్థి శ్రీకాకుళానికి, రాయచూరు విద్యార్థి మహబూబ్‌నగర్‌కు రావాలి. రాకపోకలు రెండు వైపులా ఉంటేనే అది సమానుల కలయిక అవుతుంది.

ఒక్క ప్రయాణంతో నదీ జలాల పంపకం తేలిపోదు. సరిహద్దు రాళ్లు కదలవు. అయితే రేపు ఆ పంపకం గురించి మాట్లాడేవాళ్లు ఇవాళ్టి విద్యార్థులే. వాళ్లలో ఇంజినీర్లు, న్యాయవాదులు, విలేకరులు, శాసనసభ్యులు అయ్యేవాళ్లుంటారు. ఎగువ రైతు ఎలా బతుకుతాడో చూసినవాడు తన రాష్ట్ర హక్కును వదులుకోనక్కర్లేదు. కానీ అవతలివాడి భయాన్ని కూడా లెక్కలోకి తీసుకుని వాదిస్తాడు, పరిష్కారానికి అదే తొలి మెట్టు. పొరుగువాడితో తగవు మన చేతుల్లో ఉన్నా లేకపోయినా, పొరుగువాణ్ని తెలుసుకోవడం మాత్రం పూర్తిగా మన చేతుల్లోనే ఉంది. వచ్చే సెలవులకు దూరాల లెక్క పక్కన పెట్టి, ఒక మంచి స్నేహితుణ్ని పిలిచి, దగ్గర్లోని సరిహద్దు దాటండి. తొందరపడకండి.